కేసింగ్ స్పేసర్

కేసింగ్ స్పేసర్ అనగా రహదారి, రైలుమార్గం, కాలువ వంటి వాటి క్రింద అమర్చిన రక్షక గొట్టం లోపల, నీటిని గాని చమురును గాని తీసుకొనిపోయే అసలు గొట్టాన్ని పట్టి ఉంచే పట్టీ. రక్షక గొట్టాన్ని కేసింగు అంటారు. స్పేసర్‌ను లోపలి గొట్టం చుట్టూ బోల్టులతో బిగిస్తారు. దీనికి చుట్టూ నాలుగు గాని, అంతకంటే ఎక్కువ గాని కాళ్ళు ఉంటాయి. ఈ కాళ్ళు కేసింగు లోపలి గోడకు ఆని, రెండు గొట్టాలు ఒకదానికొకటి తగలకుండా ఎడం పాటిస్తాయి. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. పని స్థలాలలో "స్పేసర్" అనే మాటే వాడుకలో ఉన్నది.

బోరుబావి కేసింగు తెలుగు పాఠకులకు సుపరిచితమే. అది నిలువుగా దిగి, బోరు గోడ కూలకుండా కాపాడుతుంది. ఈ వ్యాసంలోని కేసింగు దాదాపు అడ్డంగా ఉండి, పైనుండే రాకపోకల బరువు లోపలి గొట్టంపై పడకుండా కాపాడుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

ఈ మూడు పట్టణాలూ ఉమ్మడి నల్గొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు సూర్యాపేట, కోదాడ కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. గొట్టాలు వేసేవారికి ఈ ప్రాంతంలో మూడు రకాల అడ్డంకులూ ఎదురవుతాయి.

* రహదారులు: హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి 65 (పూర్వపు సంఖ్య 9) సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. జడ్చర్ల వైపు నుండి వచ్చే జాతీయ రహదారి 167 మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ల మీదుగా కోదాడ చేరుతుంది.
* రైలుమార్గం: బీబీనగర్ - నడికుడి - గుంటూరు మార్గం మిర్యాలగూడ గుండా పోతుంది. గుంటూరు - బీబీనగర్ మార్గాన్ని రెండు వరుసలుగా విస్తరించడానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది.
* కాలువ: నాగార్జునసాగర్ ఎడమ కాలువకు (లాల్ బహదూర్ కాలువ) 1967లో నీరు విడుదలైంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు దీని ఆయకట్టులోనివి.

ఉమ్మడి నల్గొండ జిల్లా భూగర్భజలాలలోని ఫ్లోరైడు సమస్య దేశమంతటికీ తెలిసినదే. నీటిలోని ఫ్లోరైడును తగ్గించే ఒక ప్రసిద్ధ విధానానికి "నల్గొండ పద్ధతి" అనే పేరే వచ్చింది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. బోరునీటికి బదులు శుద్ధి చేసిన నదీజలాన్ని గొట్టాల ద్వారా ఇంటింటికీ అందించటం ఇక్కడ ఆరోగ్యానికి సంబంధించిన విషయం. మిషన్ భగీరథ పథకానికి 2015 జూన్ 8న పైలాన్ ఆవిష్కరించిన చౌటుప్పల్ కూడా ఆనాటి నల్గొండ జిల్లాలోనిదే, 65వ రహదారి మీదిదే.

అటువంటి గొట్టపు మార్గం రహదారిని గాని, రైలుపట్టాలను గాని దాటే చోట తెగితే ఆవలి ఊళ్ళు మళ్ళీ బోరునీటిని ఆశ్రయించవలసి వస్తుంది. పొలంలో పగిలిన గొట్టాన్ని తవ్వి ఒకటి రెండు రోజులలో బాగుచేయవచ్చు. నాలుగు వరుసల రహదారి క్రింద గొట్టాన్ని అలా తవ్వి తీయటం సాధ్యం కాదు. కనుక దాటింపు వద్ద అమర్చే స్పేసర్, ధరలో చిన్నదైనా, దాని ఎంపికలో జరిగే పొరపాటు మాత్రం చిన్నది కాదు.

కేసింగు ఉపయోగాలు

1. వాహనాల, రైళ్ళ బరువు, అదురు లోపలి గొట్టానికి చేరకుండా ఆపుతుంది.
2. లోపలి గొట్టం కారితే ఆ నీరు రోడ్డు గట్టును, రైలు కట్టను కోసివేయకుండా కేసింగు చివరలకు చేరుస్తుంది.
3. రోడ్డును తవ్వకుండానే లోపలి గొట్టాన్ని బయటకు లాగి మార్చటానికి వీలు కల్పిస్తుంది.

మూడవ ఉపయోగం నెరవేరాలంటే లోపలి గొట్టం కాళ్ళమీద జారగలగాలి. స్పేసర్లు లేకుండా త్రోసిన గొట్టం కేసింగు అడుగున కూరుకొనిపోయి, తిరిగి బయటకు రాదు.

కేసింగుగా ఉక్కు గొట్టాన్ని గాని, హ్యూమ్ పైపుగా పిలువబడే సిమెంటు కాంక్రీటు గొట్టాన్ని గాని వాడతారు. కాంక్రీటు గొట్టాలలో భారీ రాకపోకలకు తగినది ఐ.ఎస్. 458లోని ఎన్.పి.4 తరగతి. లోపలి గొట్టం డక్టైల్ ఐరన్ (డి.ఐ.), ఉక్కు, హెచ్.డి.పి.ఇ. వంటి వాటిలో ఏదైనా కావచ్చు.

కేసింగు పొడవు నేటి రోడ్డు వెడల్పుకే సరిపెట్టరాదు. 65వ రహదారి రెండు వరుసల నుండి నాలుగు వరుసలకు పెరిగిన సంగతి, మిర్యాలగూడ మార్గంలో రెండవ పట్టా రానున్న సంగతి గమనిస్తే, భవిష్యత్ విస్తరణను కూడా దాటేటట్లు కేసింగు వేయటం ఎంత అవసరమో తెలుస్తుంది.

స్పేసర్ ఎదుర్కొనే బలాలు

స్పేసర్ బరువును మోసే దిమ్మ మాత్రమే అనుకోవటం సాధారణమైన పొరపాటు. ఇది రెండు విరుద్ధ బలాలకు నిలవాలి. 300 మి.మీ. డి.ఐ. గొట్టాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దీని వెలుపలి వ్యాసం 326 మి.మీ. కె-9 తరగతి గొట్టం లోపలి సిమెంటు పూతతో సహా మీటరుకు సుమారు 60 కి.గ్రా. తూగుతుంది.

* క్రిందికి: గొట్టం నిండా నీరుంటే మీటరుకు మరో 70 కి.గ్రా. చేరి మొత్తం 130 కి.గ్రా. అవుతుంది. 5.5 మీటర్ల గొట్టం మొత్తం బరువు సుమారు 715 కి.గ్రా. దానికి మూడు స్పేసర్లు ఉంటే ఒక్కొక్కటి దాదాపు 240 కి.గ్రా. మోయాలి. బరువు అన్నింటిమీదా సమంగా పడదు కనుక ఇందుకు కనీసం రెట్టింపు మోయగల స్పేసర్‌ను ఎంచుకోవటం మంచిది.
* పైకి: కేసింగులోకి బయటి నీరు చేరి, లోపలి గొట్టం ఖాళీగా ఉన్నదనుకుందాం. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఆ గొట్టం మీటరుకు సుమారు 83 కి.గ్రా. నీటిని తొలగిస్తుంది. దాని బరువు 60 కి.గ్రా. మాత్రమే. కనుక మీటరుకు 23 కి.గ్రా. బలం దానిని పైకి ఎత్తుతుంది. 40 మీటర్ల దాటింపులో ఇది మొత్తం 9 క్వింటాళ్ళ పైమాట.

ఇనుప గొట్టం నీటిలో తేలుతుందంటే విద్యార్థులకు వింతగా తోచవచ్చు. ఇనుప ఓడ తేలటం వెనుక ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. హెచ్.డి.పి.ఇ. నీటికంటే తేలికైన పదార్థం కనుక ఖాళీగా ఉన్నప్పుడు దాని గొట్టం మరింత బలంగా తేలుతుంది.

ఈ రెండవ బలం సాగర్ ఆయకట్టులో ముఖ్యమైనది. కాలువకు నీరు వదిలి వరిమడులు నిండినప్పుడు భూమిలో నీటిమట్టం పైకి వస్తుంది. వేసవిలో పొడిగా కనిపించిన గుంత ఆ రోజులలో ఊట గుంతగా మారవచ్చు. వేసవిలో అమర్చి, పరీక్ష ముగించి ఖాళీ చేసి ఉంచిన గొట్టం, కాలువ వచ్చిన తరువాత కేసింగులో తేలి జాయింట్ల వద్ద వంగే అవకాశం ఉన్నది. కనుక ఇటువంటి చోట్ల అడుగు కాళ్ళతో పాటు పై కాళ్ళూ ఉన్న స్పేసర్‌నే వాడాలి.

రకాలు

* కొయ్య దిమ్మలు: పూర్వం కొయ్య దిమ్మలను గొట్టానికి తీగతో కట్టి లోపలికి త్రోసేవారు. తడికి కుళ్ళటం, చెదలు పట్టటం, తీగ తెగితే దిమ్మ జారిపోవటం వీటి లోపాలు. నేడు ఇవి సిఫారసు చేయబడవు.
* ప్లాస్టిక్ స్పేసర్లు: పాలీఇథిలీన్ గాని, పాలీప్రొపిలీన్ గాని పోతపోసి చేసిన ముక్కలను గొలుసులా కలిపి గొట్టం చుట్టూ బిగిస్తారు. తుప్పు పట్టవు, విద్యుత్తును ప్రసరింపజేయవు. చిన్న, మధ్యరకపు గొట్టాలకు అనువైనవి.
* లోహపు పట్టీ స్పేసర్లు: ఉక్కు గాని, స్టెయిన్‌లెస్ స్టీలు గాని పట్టీగా ఉండి, లోపలి వైపు రబ్బరు లేదా పి.వి.సి. పొర, కాళ్ళ చివర గట్టి పాలీఇథిలీన్ జారుడు పలకలు కలిగి ఉంటాయి. పెద్ద వ్యాసానికి, ఎక్కువ బరువుకు, పొడవైన దాటింపులకు వీటిని వాడతారు.
* చక్రాల స్పేసర్లు: కాళ్ళ చివర చిన్న చక్రాలు ఉంటాయి. పొడవైన దాటింపులలో రాపిడి తగ్గించటానికి ఉపయోగిస్తారు.

ఎంపిక

కాలి ఎత్తు

డి.ఐ. గొట్టానికి ఒక చివర వెడల్పైన సాకెట్ ఉంటుంది. కాలి ఎత్తు గొట్టాన్ని మాత్రమే కాక సాకెట్‌ను కూడా కేసింగు అడుగుకు తగలకుండా ఎత్తిపట్టాలి. ఇందుకు ఒక సులభమైన లెక్క ఉన్నది.

అడుగు కాలి ఎత్తు = (సాకెట్ వెలుపలి వ్యాసం - గొట్టం వెలుపలి వ్యాసం) ÷ 2 + కనీసం 20 మి.మీ.

పై 300 మి.మీ. గొట్టపు సాకెట్‌ను కొలిస్తే 400 మి.మీ. వచ్చిందనుకుందాం. (400 - 326) ÷ 2 = 37. దానికి 20 కలిపితే 57. కనుక 60 మి.మీ. కాలు తీసుకోవాలి. ఈ ఎత్తును గొట్టం పైభాగం నుండి, పట్టీ మందాన్ని కలుపుకొని కొలవాలి. సాకెట్ వ్యాసం తయారీదారును బట్టి మారుతుంది కనుక స్థలంలో ఉన్న గొట్టాన్నే కొలవటం అవసరం.

కేసింగు వ్యాసం

పైనా క్రిందా 60 మి.మీ. కాళ్ళుంటే స్పేసర్ మొత్తం వెడల్పు 326 + 60 + 60 = 446 మి.మీ. సులువుగా జారటానికి పైన కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి. కనుక కేసింగు లోపలి వ్యాసం 471 మి.మీ. కంటే తక్కువ కారాదు. 457 మి.మీ. ఉక్కు కేసింగు చాలదు. 508 మి.మీ. వెలుపలి వ్యాసం, 8 మి.మీ. మందం ఉన్నదానికి లోపలి వ్యాసం 492 మి.మీ. అది సరిపోతుంది. పైన 46 మి.మీ. ఖాళీ మిగులుతుంది. గొట్టం తేలే అవకాశం ఉన్నచోట పై కాళ్ళను 75 మి.మీ.కు పెంచితే ఖాళీ 31 మి.మీ.కు తగ్గుతుంది. అప్పుడు గొట్టం తేలినా అంతకుమించి లేవదు.

పాఠకులు గమనించవలసిన విషయం ఏమనగా, నక్షాలో చూపినదానికంటే పెద్ద కేసింగు వేసినప్పుడు స్పేసర్లను కూడా మార్చాలి. కేసింగు పెద్దదైతే మేలే కదా అని పాత స్పేసర్లనే వాడితే, గొట్టం తేలటానికి మరింత చోటు ఇచ్చినట్లవుతుంది.

దూరం, సంఖ్య

* కేసింగు రెండు మూతుల వద్ద, అంచు నుండి సుమారు 30 సెం.మీ. లోపల ఒక్కొక్క స్పేసర్ తప్పనిసరి.
* ప్రతి జాయింటుకు ఇరువైపులా దగ్గరలో ఒక్కొక్కటి ఉండాలి.
* మధ్యలో లోహపు గొట్టాలకు 2 నుండి 3 మీటర్లకు ఒకటి చొప్పున ఉండాలి. హెచ్.డి.పి.ఇ. వంటి వంగే గొట్టాలకు ఇంకా దగ్గరగా వేయాలి. తయారీదారు పట్టికలో ఇంతకంటే తక్కువ దూరం చెప్పివుంటే దానినే పాటించాలి.

40 మీటర్ల కేసింగుకు 5.5 మీటర్ల డి.ఐ. గొట్టాలు ఎనిమిది కావాలి. గొట్టానికి మూడు చొప్పున 24, మూతుల వద్ద రెండు కలిపి 26 స్పేసర్లు అవుతాయి.

అమర్చే విధానం

1. కేసింగును శుభ్రం చేయటం: మట్టి, రాళ్ళు, వెల్డింగు చిట్టెం తీసివేయాలి. ఉక్కు కేసింగు లోపల పొడుచుకొనివచ్చిన వెల్డింగు గీతలను అరగదీయాలి. హ్యూమ్ పైపుల అతుకుల వద్ద మెట్టు ఉంటే సిమెంటుతో నునుపు చేయాలి. కాళ్ళు విరిగేది, పట్టీ జారేది సాధారణంగా ఇక్కడే.
2. సరళతను చూడటం: ఒక మూతి వద్ద దీపం ఉంచి రెండవ మూతి నుండి చూడాలి. స్పేసర్ మొత్తం వెడల్పుకు సమానమైన చట్రాన్ని ఒకసారి ఆ చివరి నుండి ఈ చివరకు లాగి చూస్తే ఎక్కడ పట్టుకుంటుందో ముందే తెలుస్తుంది. ఉమ్మడి నల్గొండ జిల్లాలో నల్లరాతి గుండ్లు తగిలి కేసింగు ప్రక్కకు తిరగటం అసంభవమేమీ కాదు.
3. గొట్టం పూతను పరీక్షించటం: పై పూతలో చిల్లులుంటే బయట ఉండగానే బాగుచేయాలి. ఉక్కు గొట్టానికి విద్యుత్ పరికరంతో ఈ పరీక్ష చేస్తారు.
4. స్పేసర్ బిగించటం: బోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా, అన్నింటినీ సమంగా, టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పిన మేరకు బిగించాలి. వదులైతే పట్టీ జారుతుంది. మరీ బిగిస్తే హెచ్.డి.పి.ఇ. గొట్టం నొక్కుకుపోతుంది. బోల్టు తలలు అడుగు వైపు రాకుండా, రెండు కాళ్ళు అడుగున ఇరువైపులా సమంగా ఆనేటట్లు త్రిప్పి అమర్చాలి.
5. లోపలికి త్రోయటం: సాధారణ రబ్బరు రింగు జాయింటు లాగుడుకు నిలవదు, ఊడిపోతుంది. కనుక అటువంటి గొట్టాలను వెనుక నుండి త్రోయాలే కాని ముందు నుండి లాగరాదు. లాగవలసి వస్తే ఊడని రకపు జాయింట్లు వాడాలి. రబ్బరు రింగులకు తయారీదారు ఇచ్చిన జారుడు పదార్థాన్నే పూయాలి. పెట్రోలియం గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది.
6. ప్రతి జాయింటు తరువాత ఆగి చూడటం: గొట్టం మెలితిరిగిందా, స్పేసర్ వెనుకకు జరిగిందా అని చూడాలి. త్రోసే బలం ఒక్కసారిగా పెరిగితే బలవంతం చేయక వెనుకకు తీసి పరిశీలించాలి.
7. ఒత్తిడి పరీక్ష: మూతులు మూయకముందే గొట్టాన్ని నీటితో నింపి పరీక్షించాలి. మూసిన తరువాత కారుడు బయటికి కనిపించదు.
8. మూతులు మూయటం: రెండు చివరలా రబ్బరు తొడుగును స్టీలు పట్టీలతో బిగించి మూస్తారు. కొన్నిచోట్ల ఇటుక కట్టుబడితో మూస్తారు. అప్పుడు లోపలి గొట్టం ఇటుకకు నేరుగా తగలకుండా మధ్య రబ్బరు పొర ఉంచాలి.

ఉష్ణోగ్రత మార్పులను కూడా దృష్టిలో ఉంచుకోవాలి. హెచ్.డి.పి.ఇ. గొట్టం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు మీటరుకు 0.2 మి.మీ. వరకు సాగుతుంది. మే నెల ఎండలో కాగిన 40 మీటర్ల గొట్టం భూమిలో 25 డిగ్రీలు చల్లబడితే సుమారు 200 మి.మీ. కురుచ అవుతుంది. డి.ఐ. గొట్టంలో ఈ మార్పు 11 మి.మీ. మాత్రమే. అందువలన హెచ్.డి.పి.ఇ. గొట్టం చివరలను లోపలికి పెట్టిన వెంటనే కలపక, చల్లబడిన తరువాత కలుపుతారు.

పనివారి భద్రత

పెద్ద కేసింగులలోనికి మనుషులు ప్రవేశించవలసి వచ్చినప్పుడు లోపలి గాలిని ముందుగా పరీక్షించాలి. మూసివున్న గొట్టంలో ప్రాణవాయువు తగ్గిపోవచ్చు, విషవాయువులు చేరవచ్చు. గాలి పంపే పంకా, నడుముకు తాడు, బయట కావలి మనిషి లేకుండా ఎవరూ లోపలికి వెళ్ళరాదు. లోపల ఎవరైనా స్పృహ తప్పితే, రక్షణ పరికరం లేకుండా మరొకరు దిగటం ఇంకొక ప్రాణాన్ని బలిపెట్టటమే. గొట్టం త్రోసే సమయంలో లోపల ఎవరూ ఉండరాదు.

తరచుగా జరిగే పొరపాట్లు

* సాకెట్‌ను లెక్కించక గొట్టం వ్యాసాన్ని బట్టే కాలి ఎత్తు నిర్ణయించటం. ఇలా చేస్తే గొట్టం బరువంతా సాకెట్ల మీద పడుతుంది.
* ఖర్చు తగ్గించటానికి మధ్య స్పేసర్లను మానివేయటం.
* మూతుల వద్ద స్పేసర్ వేయకపోవటం. బయట పూడ్చిన మట్టి క్రుంగినప్పుడు గొట్టం కేసింగు అంచు మీద విరుగుతుంది.
* ప్లాస్టిక్ స్పేసర్లను నెలల తరబడి ఎండలో ఉంచి, పెళుసెక్కిన తరువాత వాడటం.
* పొడి ఋతువులో చూసిన నేలను బట్టి, తేలే బలాన్ని లెక్కలోనికి తీసుకోకపోవటం.

ఉక్కు గొట్టాలు - తుప్పు సమస్య

చమురు, వాయువుల ఉక్కు గొట్టాలను తుప్పు నుండి కాపాడటానికి పూతతో పాటు కాథోడిక్ రక్షణ కూడా కల్పిస్తారు. అనగా గొట్టానికి స్వల్పమైన విద్యుత్ ప్రవాహాన్ని అందిస్తారు. కాళ్ళు అరిగి లోపలి గొట్టం ఉక్కు కేసింగుకు తగిలితే గొట్టానికి చేరవలసిన ఆ విద్యుత్తును కేసింగు గ్రహిస్తుంది. లోపలి గొట్టానికి రక్షణ తగ్గుతుంది. అందువలన ఇటువంటి దాటింపులలో విద్యుత్తును ప్రసరింపజేయని కాళ్ళనే వాడి, రెండు గొట్టాలకూ విడివిడిగా తీగలు కలిపి బయటి పెట్టెలోనికి తెస్తారు. ఆ తీగల వద్ద కొలిచి, గొట్టాలు ఒకదానికొకటి తగిలినదీ లేనిదీ తవ్వకుండానే తెలుసుకుంటారు.

ఈ చిక్కుల కారణంగానే అనేక దేశాలలో చమురు, వాయు గొట్టాల నిపుణులు వీలైన చోట కేసింగు లేకుండా మందమైన గొట్టాన్నే నేరుగా వేయటానికి మొగ్గు చూపుతున్నారు. రైల్వే లేదా రహదారి అధికారుల అనుమతిలో కేసింగు తప్పనిసరి అని ఉంటే మాత్రం వేయక తప్పదు. త్రాగునీటి గొట్టాల విషయంలో, కారిన నీటి వలన గట్టు కోతపడకుండా ఉండటానికి, తవ్వకుండా గొట్టం మార్చుకోవటానికి కేసింగు నేటికీ ఉపయోగకరమే.

ఇవి కూడా చూడండి

* మిషన్ భగీరథ
* నాగార్జునసాగర్ ప్రాజెక్టు
* ఫ్లోరోసిస్
* ఆర్కిమెడిస్ సూత్రం